రెండు మూడు క్లౌడ్‌ల ప్రైవేట్ నెట్‌వర్క్‌లను కలిపేటప్పుడు ముందుగా ఖాయం చేసుకోవలసిన పరిమితులు ఏవి?

ప్రశ్న: దారిదీపం

నమస్కారం. మా అప్లికేషన్ సర్వర్లు ఏడబ్ల్యూఎస్‌లోనూ, ఉద్యోగుల లాగిన్ వ్యవస్థ, కొన్ని పాత డేటాబేస్‌లు మైక్రోసాఫ్ట్ అజూర్‌లోనూ నడుస్తున్నాయి. తర్వాతి దశలో డేటా విశ్లేషణ పనులను గూగుల్ క్లౌడ్‌కు తరలించాలని నిర్ణయమైంది. సర్వర్లకు పబ్లిక్ ఐపీ ఇవ్వకుండానే ఈ మూడు చోట్ల ఉన్న యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలగాలి. మొదట ఐపీసెక్ వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీదుగా పోయే ఎన్‌క్రిప్టెడ్ టన్నెల్‌తో) మొదలుపెట్టి, ట్రాఫిక్ పెరిగాక ప్రత్యేక లైన్‌కు మారాలన్నది మా ఆలోచన.

ప్రతి క్లౌడ్ డాక్యుమెంటేషన్‌నూ విడిగా చదివితే పని తేలికగానే కనిపిస్తోంది. అయితే ఆ డాక్యుమెంట్లలో చాలా భాగం అవతలి కొసన మన సొంత రౌటర్ ఉందని, దానిలో ఏ విలువనైనా మనం మార్చుకోగలమని అనుకొని రాసినవి. అవతల ఉన్నది కూడా మరో క్లౌడ్ గేట్‌వే అయినప్పుడు రెండు వైపులా మనకు ఇచ్చిన కొద్దిపాటి సెట్టింగులతోనే సరిపెట్టుకోవాలి. అలాంటప్పుడు ఏ విలువను ఏ వైపు నిర్ణయిస్తుంది, ఏవి డిఫాల్ట్‌గా వదిలేస్తే చిక్కు వస్తుంది, గేట్‌వేలను సృష్టించాక మార్చుకోవడం కష్టమైనవి ఏవి అన్నది తెలిసినవారు వివరించగలరా?

జవాబు: మూడోపొర

దారిదీపం గారూ, రెండు క్లౌడ్‌లు కలిసే చోట పనిచేసేది ఇద్దరి నియమాలలో ఇరుకైనదే. కాబట్టి కన్సోల్ తెరవకముందే మూడు నిలువు వరుసల పట్టిక ఒకటి వేసుకొని, ప్రతి విలువకూ మూడు క్లౌడ్‌లూ ఒప్పుకొనే పరిధిని రాసుకోండి. నేను మొదట అడ్రసుల సంగతి చెబుతాను, ఎందుకంటే తర్వాత సరిదిద్దడం అన్నిటికన్నా కష్టమైనది అదే.

డిఫాల్ట్‌గా వచ్చే నెట్‌వర్క్‌లను అలాగే వాడకండి. ఏడబ్ల్యూఎస్ డిఫాల్ట్ వీపీసీకి (క్లౌడ్‌లోని ప్రైవేట్ నెట్‌వర్క్‌కు) 172.31.0.0/16 అనే అడ్రసుల పరిధి ఉంటుంది (స్లాష్ తర్వాతి సంఖ్య చిన్నదయ్యేకొద్దీ పరిధి పెద్దది). గూగుల్‌లో ఆటో మోడ్ వీపీసీని ఎంచుకుంటే దాని సబ్‌నెట్‌లన్నీ 10.128.0.0/9 లోపల పరుచుకుంటాయి. అంటే 10తో మొదలయ్యే ప్రైవేట్ పరిధిలో సరిగ్గా సగం దానికే పోతుంది. అజూర్ పోర్టల్ కొత్త వర్చువల్ నెట్‌వర్క్‌కు సాధారణంగా 10.0.0.0/16 ను సూచిస్తుంది, అదే పరిధిని ఏడబ్ల్యూఎస్‌లోని మరో బృందం ఇదివరకే తీసుకొని ఉండే అవకాశం చాలా ఎక్కువ. రెండు వైపులా ఒకే పరిధి ఉంటే టన్నెల్ పైకి లేచినా ప్రయోజనం ఉండదు; ప్యాకెట్ తన సొంత నెట్‌వర్క్ దాటి బయటికి రాదు. నాట్‌తో (దారిలో అడ్రసులను మార్చే పద్ధతితో) ఈ చిక్కును దాటే మార్గాలు మూడు క్లౌడ్‌లలోనూ ఉన్నాయి గానీ, వాటిని ఇతరుల నుంచి వచ్చిపడిన నెట్‌వర్క్‌ల కోసం అట్టే పెట్టుకోవాలి తప్ప కొత్తగా కట్టేదానికి పునాదిగా వేయకూడదు.

రెండవది బీజీపీ ఏఎస్ నంబర్. గేట్‌వేలు తమ వెనకున్న నెట్‌వర్క్‌ల దారులను (రూట్లను) ఒకదానికొకటి చెప్పుకొనే ప్రోటోకాల్ బీజీపీ, అందులో ఒక్కో వైపును గుర్తించే సంఖ్య ఏఎస్ నంబర్. ఏడబ్ల్యూఎస్ గేట్‌వే డిఫాల్ట్‌గా 64512 ను, అజూర్ వీపీఎన్ గేట్‌వే 65515 ను తీసుకుంటాయి. గూగుల్ క్లౌడ్ రౌటర్‌కు మాత్రం మీరే నంబర్ ఇవ్వాలి, అక్కడ ప్రైవేట్ పరిధిలోని మొదటి సంఖ్య కదా అని 64512 ఇచ్చేవారు తక్కువేమీ కాదు. మూడింటికీ మూడు వేర్వేరు నంబర్లు ముందే కేటాయించండి. ఏడబ్ల్యూఎస్ వర్చువల్ ప్రైవేట్ గేట్‌వేకు (ఒక వీపీసీకి తగిలించే వీపీఎన్ కొసకు) సృష్టించాక ఆ నంబర్ మార్చడం కుదరదు. అజూర్‌లో 65515 తో పాటు 65517 నుంచి 65520 వరకు ఉన్నవి అజూర్ తన కోసం ఉంచుకుంది కనుక వాటిని అవతలి వైపుకు ఇవ్వకూడదు.

ఇక టన్నెల్ లోపలి అడ్రసులు. బీజీపీ మాట్లాడుకోవడానికి ప్రతి టన్నెల్‌కూ 169.254.0.0/16 లోనుంచి ఒక /30 ముక్క కావాలి. ఏడబ్ల్యూఎస్ ఇందులో దాదాపు ఏ ముక్కనైనా ఒప్పుకుంటుంది, 169.254.0.0/30 నుంచి 169.254.5.0/30 వరకు ఒక్కో మూడో అంకెకు ఒక్కటి చొప్పున ఆరు, వాటితో పాటు 169.254.169.252/30 మాత్రం వాడనివ్వదు. అజూర్ ఇంకా పిసినారి. అది 169.254.21.0 నుంచి 169.254.22.255 వరకు ఉన్న అడ్రసులనే బీజీపీకి అనుమతిస్తుంది. ఏడబ్ల్యూఎస్ తనంతట తాను ఎంచుకొన్న ముక్క ఈ ఇరుకు పరిధిలో పడే అవకాశం బహు తక్కువ. అందుకే ఏడబ్ల్యూఎస్ వైపు ఆ ఖాళీని వదిలేయకుండా మీరే నింపాలి.

అజూర్ గేట్‌వేను యాక్టివ్-యాక్టివ్ పద్ధతిలో పెడితే దానికి రెండు పబ్లిక్ ఐపీలు వస్తాయి. ఏడబ్ల్యూఎస్‌లో ఒక్కో ఐపీకి ఒక కస్టమర్ గేట్‌వే (అవతలి వైపును సూచించే నమోదు), ఒక వీపీఎన్ కనెక్షన్ చొప్పున చేస్తే, ప్రతి కనెక్షన్‌లో రెండు టన్నెళ్లు ఉంటాయి కనుక మొత్తం నాలుగు అవుతాయి. మొదటి అజూర్ ఇన్‌స్టాన్స్‌కు 169.254.21.0/30, 169.254.22.0/30, రెండవదానికి 169.254.21.4/30, 169.254.22.4/30 ఇవ్వవచ్చు. ప్రతి ముక్కలోనూ వాడదగిన మొదటి అడ్రసును ఏడబ్ల్యూఎస్ తానే తీసుకుంటుంది, రెండవది అవతలివారికి. కాబట్టి అజూర్ మొదటి ఇన్‌స్టాన్స్‌లో 169.254.21.2, 169.254.22.2 అనీ, రెండవదానిలో 169.254.21.6, 169.254.22.6 అనీ రాయాలి. ఇక్కడ ఒక్క అంకె తారుమారైనా ఐపీసెక్ పచ్చగా కనిపిస్తూనే ఉంటుంది, బీజీపీ మాత్రం లేవదు. ఇంకొకటి గుర్తుంచుకోండి: ఈ 169.254 అడ్రసులు వాడినప్పుడు అజూర్ గేట్‌వే తనంతట తాను బీజీపీ సెషన్ మొదలుపెట్టదు, అవతలి వైపే మొదలుపెట్టాలి. అజూర్‌లో బేసిక్ స్థాయి గేట్‌వేకు అసలు బీజీపీయే లేదు కనుక దాని జోలికి వెళ్లకండి.

గూగుల్ వైపు హెచ్ఏ వీపీఎన్‌కు (ఎక్కువ లభ్యత కోసం ఉన్న వీపీఎన్ రకానికి) స్టాటిక్ రూటింగ్ (దారులను చేత్తో రాసే పద్ధతి) లేదు, బీజీపీ తప్పనిసరి. ఏడబ్ల్యూఎస్‌తో 99.99 శాతం లభ్యతా హామీ కావాలంటే అక్కడ కూడా నాలుగు టన్నెళ్లు కట్టాలి. అవతలి గేట్‌వేను నాలుగు ఐపీలున్న ఒకే పీర్ గేట్‌వేగా చూపించాలి, రెండేసి ఐపీలున్న రెండుగా కాదు. పని చేసే క్రమం కూడా ఒకటుంది. ఏడబ్ల్యూఎస్ కస్టమర్ గేట్‌వేకు గూగుల్ ఐపీ కావాలి, గూగుల్ పీర్ గేట్‌వేకు ఏడబ్ల్యూఎస్ టన్నెల్ ఐపీలు కావాలి. కనుక మొదట గూగుల్‌లో హెచ్ఏ వీపీఎన్ గేట్‌వేను ఖాళీగా సృష్టించి దాని రెండు ఐపీలను తీసుకొని, తర్వాత ఏడబ్ల్యూఎస్‌లో కనెక్షన్లు పూర్తి చేసి, ఆపైన మళ్లీ గూగుల్‌కు వచ్చి పీర్ గేట్‌వేనూ టన్నెళ్లనూ చేయాలి.

జవాబు: గేట్‌వే_కాపరి

మూడోపొర గారు అడ్రసుల సంగతి పూర్తిగా చెప్పారు. నేను ఎన్‌క్రిప్షన్ ఒప్పందం గురించి, ప్యాకెట్ పరిమాణం గురించి రాస్తాను. ఈ రెండూ మొదటి రోజున బాగానే ఉన్నట్లు కనిపించి తర్వాత ఎప్పుడో బయటపడే రకం.

ముందుగా రహస్య కీ, అంటే టన్నెల్ రెండు కొసలకూ ఒకటిగా ఇచ్చే పాస్‌వర్డ్ లాంటిది. ఏడబ్ల్యూఎస్ దీనికి 8 నుంచి 64 అక్షరాల పొడవును ఒప్పుకుంటుంది. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్ తప్ప మరేవీ ఉండకూడదు, సున్నాతో మొదలు కాకూడదు. మిగతా రెండు క్లౌడ్‌లలో ఏది తయారుచేసినా చివరికి ఈ నియమానికి లోబడాలి.

ఐకేఈ (టన్నెల్ కీలపై ఒప్పందం చేసుకొనే ప్రోటోకాల్) వెర్షన్ 2 నే వాడండి. ఈ ఒప్పందం రెండు దశల్లో సాగుతుంది: మొదటిది గేట్‌వేల మధ్య, రెండవది డేటా మోసే టన్నెల్ కోసం. ఏడబ్ల్యూఎస్ వైపు నుంచి టన్నెల్ మొదలుపెట్టే సౌకర్యం ఆ వెర్షన్‌కే ఉంది; పైగా డిఫాల్ట్‌గా అది తాను మొదలుపెట్టకుండా అవతలివారి కోసం ఎదురుచూస్తుంది. ఇక అల్గారిథమ్‌ల విషయానికి వస్తే, ఏడబ్ల్యూఎస్ డిఫాల్ట్‌గా తనకు తెలిసిన ఎన్‌క్రిప్షన్, ఇంటిగ్రిటీ అల్గారిథమ్‌లు, కీ మార్పిడికి వాడే డిఫీ-హెల్మన్ గ్రూపులు అన్నిటినీ ఒప్పుకునేలా ఉంటుంది. ఎక్కువ ఎంపికలుంటే ఏదో ఒకటి కుదురుతుందిలే అనిపిస్తుంది గానీ, గూగుల్‌తో కలిపేటప్పుడు అదే సమస్య అవుతుంది. కీ మార్చుకునే వేళ ఏడబ్ల్యూఎస్ ఈ ఎంపికలన్నిటినీ ఒకే ప్రతిపాదనలో పెట్టి పంపితే ఆ ఐకేఈ ప్యాకెట్ పెద్దదై ముక్కలవుతుంది, అలా ముక్కలైన ఐకేఈ ప్యాకెట్‌లను గూగుల్ క్లౌడ్ వీపీఎన్ తీసుకోదు. ఫలితంగా మొదట చక్కగా లేచిన టన్నెల్ కొన్ని గంటల తర్వాత రీకీ (కీ మార్పు) దగ్గర పడిపోతుంది. గూగుల్ డాక్యుమెంటేషనే దీన్ని చెప్పి, ఏడబ్ల్యూఎస్ వైపు ఒక్కో దశకు ఒక్కొక్క అల్గారిథమ్‌నే ఉంచమంటుంది. ఏఈఎస్-256, ఎస్‌హెచ్‌ఏ2-256, గ్రూప్ 14 మూడు క్లౌడ్‌లకూ తెలిసిన కలయిక. అజూర్‌లోనూ డిఫాల్ట్ పాలసీని వదిలేసి కస్టమ్ ఐపీసెక్ పాలసీలో ఇవే రాయండి.

కీ గడువులు మూడుచోట్లా ఒకటి కావు. మొదటి దశకు ఏడబ్ల్యూఎస్ డిఫాల్ట్ 28,800 సెకన్లు, అజూర్‌లోనూ అంతే, గూగుల్‌లో 36,000. రెండవ దశకు ఏడబ్ల్యూఎస్‌లో గరిష్ఠమే 3,600 సెకన్లు కాగా గూగుల్ 10,800 వాడుతుంది. దీనికి కంగారు పడనక్కరలేదు. ఐకేఈ వెర్షన్ 2 లో గడువుపై బేరం ఉండదు, తక్కువ గడువున్నవారు ముందుగా కీ మారుస్తారు, అంతే. రీకీ సమయంలో పడిపోతే గడువులను కాక పైన చెప్పిన ప్రతిపాదన పరిమాణాన్నీ, రెండవ దశలోని గ్రూపునూ ముందు అనుమానించండి.

ఇప్పుడు ఎంటీయూ, అంటే ఒక దారిలో పోగల ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం. నా అంచనాలో మీ ప్రాజెక్టులో ఎక్కువ సమయం తినేది ఇదే. ఏడబ్ల్యూఎస్ వీపీసీలో యంత్రాలు 9001 బైట్ల ప్యాకెట్‌లతో మాట్లాడుకుంటాయి, గూగుల్ వీపీసీ డిఫాల్ట్ 1460, అజూర్ యంత్రాలది 1500. టన్నెల్‌లోకి వచ్చేసరికి ఏడబ్ల్యూఎస్ ఎంటీయూ 1446, దానికి తగిన టీసీపీ ఎంఎస్ఎస్ (హెడర్లు పోను ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా) 1406. అజూర్ అవతలి పరికరం ఎంఎస్ఎస్‌ను 1350 కి కట్టడి చేయాలంటుంది, అది చేతకాని పరికరమైతే ఎంటీయూను 1400 కి తగ్గించమంటుంది. అవతలి పరికరం కూడా క్లౌడ్ గేట్‌వే అయినప్పుడు దానిలో ఆ విలువ మార్చే చోటు మీకు ఉండదు. పైగా ఏడబ్ల్యూఎస్ సైట్-టు-సైట్ వీపీఎన్‌లో పాత్ ఎంటీయూ డిస్కవరీకి (దారిలో పట్టే ప్యాకెట్ పరిమాణాన్ని తనంతట తాను కనుక్కొనే పద్ధతికి) మద్దతు లేదు. కాబట్టి టన్నెల్ దాటి మాట్లాడే సర్వర్లలో, ఆ దారికి మాత్రమే వర్తించేలా, రూట్ స్థాయిలో ఎంటీయూను 1400 గా పెట్టడం మంచిది. టీసీపీని ఎవరో ఒకరు ఎంఎస్ఎస్ తగ్గించి కాపాడవచ్చు, యూడీపీకి ఆ ఆసరా కూడా లేదు. పరీక్షించడం తేలిక: ముక్కలు చేయవద్దనే డీఎఫ్ బిట్ పెట్టి 1372 బైట్ల పేలోడ్‌తో పింగ్ పంపండి. 28 బైట్ల హెడర్‌తో కలిసి అది సరిగ్గా 1400 అవుతుంది. అది దాటి, 1472 దాటకపోతే లెక్క సరిపోయినట్లే. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అవుతుంది గానీ పెద్ద ఫైల్ కాపీ చేయగానే బిగుసుకుపోతుంది అని ఎవరైనా అంటే, ఫైర్‌వాల్ నియమాలు తిరగేయకముందు ఈ పింగ్ చేయించండి.

వేగం గురించి ఒక్క మాట. ఏడబ్ల్యూఎస్ సాధారణ టన్నెల్ ఒక్కొక్కటి 1.25 గిగాబిట్ల వరకు మోస్తుంది. గూగుల్ బిట్లను కాక ప్యాకెట్లను లెక్కపెడుతుంది: రాకపోకలు కలిపి సెకనుకు 2,50,000 ప్యాకెట్లు. 1400 బైట్ల ప్యాకెట్లయితే అది దాదాపు 2.8 గిగాబిట్లు, 100 బైట్ల చిన్న ప్యాకెట్లయితే 0.2 గిగాబిట్లు మాత్రమే. చిన్న చిన్న ప్రశ్నలు ఎక్కువగా వేసే డేటాబేస్ ట్రాఫిక్‌కు ఈ తేడా ముఖ్యం. ఎన్ని టన్నెళ్లు కట్టినా ఒకే టీసీపీ కనెక్షన్ ఒక టన్నెల్ పరిమితిని దాటలేదు. టన్నెళ్లన్నిటి మీదా ట్రాఫిక్ పంచే ఈసీఎంపీ ఏడబ్ల్యూఎస్‌లో ట్రాన్సిట్ గేట్‌వేకే (అనేక నెట్‌వర్క్‌లను కలిపే కూడలికే) ఉంది, వర్చువల్ ప్రైవేట్ గేట్‌వేకు లేదు.

దారిదీపం

ఇద్దరికీ కృతజ్ఞతలు. 169.254 పరిధుల తేడా, ప్రతిపాదన పరిమాణం గురించి నేను ఎక్కడా ఇంత స్పష్టంగా చూడలేదు. మరో రెండు సందేహాలున్నాయి. ప్రతి జంటకూ విడిగా టన్నెళ్లు కట్టే బదులు ఏడబ్ల్యూఎస్ ట్రాన్సిట్ గేట్‌వేను మధ్యలో పెట్టి, అజూర్, గూగుల్ ట్రాఫిక్‌ను దాని గుండానే పంపితే అభ్యంతరం ఏమైనా ఉందా? అలాగే ఒక క్లౌడ్‌లోని ప్రైవేట్ పేర్లను మరో క్లౌడ్ నుంచి పరిష్కరించడంలో ప్రత్యేక పరిమితులు ఏమైనా ఉన్నాయా?

జవాబు: బిట్టుబాట

మధ్యలో ట్రాన్సిట్ గేట్‌వే పెట్టడం సాధ్యమే, మీ పరిమాణానికి అదే నయమని నా అభిప్రాయం. అయితే మూడోపొర గారు ఏఎస్ నంబర్ల గురించి చెప్పినది ఇక్కడ మరింత బిగుసుకుంటుంది. రేపు మరో ప్రాంతంలో రెండవ అజూర్ నెట్‌వర్క్‌ను ఇదే ట్రాన్సిట్ గేట్‌వేకు కలిపారనుకోండి. రెండు అజూర్ గేట్‌వేలూ డిఫాల్ట్ 65515 మీదే ఉంటే, మొదటిది ప్రకటించిన రూట్ ఏడబ్ల్యూఎస్ గుండా రెండవదానికి చేరేసరికి ఏఎస్ పాత్‌లో (రూట్ దాటి వచ్చిన ఏఎస్ నంబర్ల వరుసలో) 65515 కనిపిస్తుంది. బీజీపీ నియమం ప్రకారం తన నంబర్ తనకే తిరిగి వస్తే అది వలయం కింద లెక్క, ఆ రూట్‌ను ఎవరికీ చెప్పకుండా పారేస్తుంది. ఎక్కడా ఎర్ర గుర్తు ఉండదు; టన్నెళ్లు, బీజీపీ సెషన్లు అన్నీ పచ్చగా ఉండగానే రూట్ మాత్రం ఉండదు. అజూర్ వీపీఎన్ గేట్‌వేలో నంబర్ మార్చుకోవచ్చు కనుక మొదటిదానికే డిఫాల్ట్ కాని నంబర్ ఇవ్వండి.

రూట్ల సంఖ్యకు కూడా హద్దుంది. వర్చువల్ ప్రైవేట్ గేట్‌వే మీది వీపీఎన్ కనెక్షన్ అవతలి నుంచి 100 రూట్ల వరకే తీసుకుంటుంది, ట్రాన్సిట్ గేట్‌వే అయితే 1,000. గూగుల్ క్లౌడ్ రౌటర్ డిఫాల్ట్‌గా తనకు కనిపించే ప్రతి సబ్‌నెట్‌నూ విడివిడిగా ప్రకటిస్తుంది, కొత్త సబ్‌నెట్ చేసిన ప్రతిసారీ నెట్‌వర్క్ బృందానికి తెలియకుండానే లెక్క పెరుగుతుంది. కస్టమ్ ప్రకటనకు మార్చి, ఒక పెద్ద పరిధిగా కలిపి చెప్పండి.

ఒక క్లౌడ్ లోపల పక్క నెట్‌వర్క్‌లకు ఈ దారి దానంతట అది అందదు. అజూర్ పీరింగ్‌లో (రెండు నెట్‌వర్క్‌లను నేరుగా జోడించే ఏర్పాటులో) ఒక వైపు గేట్‌వే ట్రాన్సిట్‌ను అనుమతించి, రెండో వైపు రిమోట్ గేట్‌వేను వాడుకోమని చెప్పాలి. గూగుల్ పీరింగ్‌లో కస్టమ్ రూట్లను ఒకరు ఎగుమతి, మరొకరు దిగుమతి చేసుకోవాలి, రీజియన్లు దాటాలంటే వీపీసీ డైనమిక్ రూటింగ్‌ను గ్లోబల్‌గా మార్చాలి. ఏడబ్ల్యూఎస్ వీపీసీ పీరింగ్ గుండా అయితే వీపీఎన్ ట్రాఫిక్ పోనే పోదు. ఫైర్‌వాల్ నియమాల్లో అవతలి క్లౌడ్ సెక్యూరిటీ గ్రూప్ పేరు పనికిరాదు, సీఐడీఆర్ పరిధులే (10.0.0.0/16 లాంటివి) రాయాలి.

పేర్ల పరిష్కారంలో అసలు చిక్కు ఏమిటంటే ప్రతి క్లౌడ్ అంతర్గత డీఎన్ఎస్ బయటివారికి జవాబివ్వదు. ఏడబ్ల్యూఎస్ వీపీసీ రిజాల్వర్‌గానీ, అజూర్‌లోని 168.63.129.16 గానీ టన్నెల్ అవతలి నుంచి అందవు. ఏడబ్ల్యూఎస్‌లో రూట్ 53 రిజాల్వర్ ఇన్‌బౌండ్ ఎండ్‌పాయింట్, అజూర్‌లో డీఎన్ఎస్ ప్రైవేట్ రిజాల్వర్ పెట్టి వాటి ఐపీలకు ఫార్వర్డ్ చేయాలి.

గూగుల్ నుంచి అలా ఫార్వర్డ్ చేసేటప్పుడు ప్రశ్న మీ 10.x అడ్రసు నుంచి రాదు. క్లౌడ్ డీఎన్ఎస్ ఆ ప్రశ్నలను 35.199.192.0/19 పరిధి నుంచి పంపుతుంది. క్లౌడ్ రౌటర్ ఈ పరిధిని తనంతట తాను ప్రకటించదు. మీరు కస్టమ్ ప్రకటనలో చేర్చకపోతే జవాబు ప్యాకెట్ ఏడబ్ల్యూఎస్ నుంచి తిరిగి టన్నెల్‌లోకి రాదు. పింగ్ పనిచేస్తుంది, సర్వర్‌కు ఐపీతో వెళ్లవచ్చు, పేరు మాత్రం తెలియదు. అవతలి సెక్యూరిటీ గ్రూపుల్లో కూడా ఆ పరిధి నుంచి 53వ పోర్టుకు టీసీపీ, యూడీపీ రెండూ తెరవాలి. ఇది ప్రతి గూగుల్ వీపీసీకీ ఒకే పరిధి కనుక, రెండు వీపీసీలు ఒకే ట్రాన్సిట్ గేట్‌వేకు కలిసి రెండూ దీన్ని ప్రకటిస్తే జవాబు ఎవరికి పోవాలో అక్కడ తేలదు. ఒక వీపీసీకే ఫార్వర్డింగ్ పని అప్పగించి, మిగతావి డీఎన్ఎస్ పీరింగ్‌తో దాని మీద ఆధారపడేలా చేయండి.

జవాబు: మూడోపొర

బిట్టుబాట గారితో ఒక చోట విభేదిస్తాను. మధ్యలో ట్రాన్సిట్ గేట్‌వే పెట్టడం చిన్న ట్రాఫిక్‌కు బాగానే ఉంటుంది గానీ, విశ్లేషణ కోసం అజూర్ డేటాబేస్‌ల నుంచి గూగుల్‌కు భారీగా డేటా వెళ్లేటట్లయితే ఆ డేటా అజూర్ నుంచి ఒకసారి, ఏడబ్ల్యూఎస్ నుంచి మరొకసారి బయటికి వస్తుంది. బయటికి పంపే ప్రతి క్లౌడ్ తన వంతు చార్జీ వేస్తుంది. ఆ ఒక్క జంటకు నేరుగా టన్నెళ్లు కట్టడమే మేలు. గూగుల్ వైపు లోపలి అడ్రసులను మాత్రం ఇక్కడ కూడా అజూర్ ఒప్పుకొనే 169.254.21, 169.254.22 ల నుంచే ఎంచుకోవాలి, ఏడబ్ల్యూఎస్ కోసం వాడిన ముక్కలను తప్పించి. నేరుగా ఒకటి, ఏడబ్ల్యూఎస్ గుండా మరొకటి అని రెండు దారులు ఏర్పడతాయి కాబట్టి, వెళ్లే దారి, వచ్చే దారి వేరు కాకుండా రెండు వైపులా ఏఎస్ పాత్ పొడవునే ప్రాధాన్యానికి వాడండి. మధ్యలో కనెక్షన్ స్థితిని గుర్తుంచుకొనే ఫైర్‌వాల్ ఏదైనా ఉంటే ఈ జాగ్రత్త తప్పనిసరి.

టన్నెల్ పోయినప్పుడు మారడానికి పట్టే సమయం కూడా చూసుకోండి. అజూర్ వీపీఎన్ గేట్‌వే బీఎఫ్‌డీని (లింకు తెగితే వెంటనే పసిగట్టే పద్ధతిని) ఇవ్వదు, దాని బీజీపీ హోల్డ్ టైమర్ (అవతలి వైపు పోయిందని తేల్చే ముందు ఆగే సమయం) 180 సెకన్లు. బీజీపీలో ఇద్దరిలో తక్కువ విలువే నిలుస్తుంది కనుక గూగుల్ వైపు కీప్‌అలైవ్‌ను 20 సెకన్ల వద్ద ఉంచితే హోల్డ్ 60 కి దిగుతుంది.

ప్రత్యేక లైన్ విషయానికి వస్తే, గూగుల్ 2023 లో ప్రకటించిన క్రాస్-క్లౌడ్ ఇంటర్‌కనెక్ట్ ఏడబ్ల్యూఎస్‌కూ అజూర్‌కూ 10 లేదా 100 గిగాబిట్ల లైన్ ఇస్తుంది, మధ్యలో మీ సొంత రౌటర్ అవసరం లేదు. అయితే రెండు క్లౌడ్‌లకూ ఉమ్మడిగా ఉన్న ప్రదేశాల్లోనే అది దొరుకుతుంది. లైన్ దానంతట అది ఎన్‌క్రిప్ట్ కాదు. కావాలంటే మ్యాక్‌సెక్ (లైన్ స్థాయి ఎన్‌క్రిప్షన్) గానీ, దాని పైన మళ్లీ హెచ్ఏ వీపీఎన్ గానీ పెట్టుకోవాలి. ఎంటీయూ అక్కడ కూడా తల ఎత్తుతుంది: గూగుల్ వీఎల్ఏఎన్ అటాచ్‌మెంట్ 8896 వరకు, ఏడబ్ల్యూఎస్ ట్రాన్సిట్ ఇంటర్‌ఫేస్ 8500 వరకు ఒప్పుకుంటాయి, అజూర్ ప్రత్యేక లైన్ అయిన ఎక్స్‌ప్రెస్‌రూట్ 1500 దగ్గరే ఆగుతుంది. ఇప్పుడు సర్వర్లలో పెట్టే 1400 ను ఆ రోజున పెంచడం మరచిపోతే లైన్ కొన్నా లాభంలో కొంత చేతికి రాదు కాబట్టి, ఆ విలువను సర్వర్ ఇమేజ్‌లో గట్టిగా రాయకుండా ఆటోమేషన్ స్క్రిప్టులో ఒక వేరియబుల్‌గా ఉంచండి.